అరిగిన పీటీవో షాఫ్టు

ట్రాక్టరు అంటే పొలం దున్నే బండి అని చాలామంది అనుకుంటారు. కాని దున్నడం ఒక్కటే దాని పని కాదు. మొక్కజొన్న కంకుల నుంచి గింజలు రాల్చే మిషను ట్రాక్టరుతోనే నడుస్తుంది. కందులు, మినుములు, పెసలు నూర్చే మిషను నడుస్తుంది. వాగులో నీళ్లు తోడే పంపు కూడా నడుస్తుంది. ఆ పనులు చేసేటప్పుడు ట్రాక్టరు కదలదు. ఉన్నచోటే నిలబడి మిషన్లను తిప్పుతుంది.

ఇంజను ముందు ఉంది. మిషను వెనక ఉంది. ఇంజను బలం మిషనుకు ఎలా చేరుతుంది?

ట్రాక్టరు ఆపి ఉన్నప్పుడు వెనక్కి వెళ్లి చూడండి. రెండు పెద్ద చక్రాల నడుమ ఒక ఇనప కడ్డీ బయటికి పొడుచుకొని ఉంటుంది. జానెడు కూడా ఉండదు. దాన్నే పీటీవో షాఫ్టు అంటారు. పవర్ టేక్ ఆఫ్ అనే మాటకు పీటీవో పొట్టి పేరు. ఇంజను బలాన్ని బయటికి అందించే ఇరుసు అని అర్థం.

ఈ షాఫ్టుకు ఒక పొడుగాటి జాయింటు కడ్డీ తగిలిస్తారు. దాని రెండో కొస మిషనుకు తగులుతుంది. షాఫ్టు తిరిగితే జాయింటు తిరుగుతుంది. జాయింటు తిరిగితే మిషను తిరుగుతుంది. చూడడానికి షాఫ్టు చిన్నది. కాని మిషను పని అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

గట్లు, కాలవలు

పీటీవో షాఫ్టు నున్నగా ఉండదు. దాని మీద నిలువునా గట్లు ఉంటాయి. గట్ల మధ్య కాలవలు ఉంటాయి. జాయింటు కొసన షాఫ్టు మీద తొడిగే ముక్క ఉంటుంది. దాన్ని మేస్త్రీలు యోకు అంటారు. యోకు లోపల కూడా ఇలాంటి గట్లే ఉంటాయి. షాఫ్టు గట్లు యోకు కాలవల్లో కూర్చుంటాయి. రెండూ పట్టుకొని కలిసి తిరుగుతాయి.

మన ఊళ్లలో ఉండే మామూలు ట్రాక్టర్లకు షాఫ్టు మీద 6 గట్లు ఉంటాయి. షాఫ్టు మందం 35 మిల్లీమీటర్లు. అంటే అంగుళంన్నర కన్నా కొంచెం తక్కువ. ఇంజనును సరైన వేగంలో పెడితే ఈ షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది.

ఈ కొలతలను 1920లలో అమెరికాలో ఖాయం చేయడం మొదలుపెట్టారు. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఇప్పుడు చాలా దేశాల్లో ఇదే కొలత వాడుతున్నారు. అందుకే ఒక కంపెనీ మిషను ఇంకో కంపెనీ ట్రాక్టరుకు తగులుకుంటుంది.

అయితే అన్నిటికీ ఇదే కొలత అనుకోకూడదు. ఇంగ్లండులో 1946 నుంచి 1956 వరకు టీఈ-20 అనే ఫెర్గూసన్ ట్రాక్టరు తయారైంది. దాని షాఫ్టు సన్నం. కొన్ని పెద్ద ట్రాక్టర్లకు 21 గట్ల షాఫ్టు ఉంటుంది. అది నిమిషానికి 1000 సార్లు తిరుగుతుంది. కాబట్టి గట్లు లెక్కపెట్టకుండా, మందం కొలవకుండా షాఫ్టు కొనకూడదు.

ఎందుకు అరుగుతుంది?

ఇనుము కదా, ఎందుకు అరుగుతుంది అని అడగవచ్చు. కారణాలు ఇవి.

ఒకటి. గ్రీజు పెట్టకపోవడం. గట్లకు గ్రీజు లేకపోతే ఇనుము ఇనుమును తింటుంది. దుమ్ము, పొట్టు చేరితే ఆకురాయితో రాసినట్టే.

రెండు. యోకును సగమే తొడగడం. యోకుకు ఒక పిన్ను ఉంటుంది. ఆ పిన్ను షాఫ్టు మీది గాడిలో టక్కున పడాలి. పడకపోతే యోకు వెనక్కి జారుతుంది. అప్పుడు బరువంతా గట్ల చివరల మీద పడుతుంది.

మూడు. ట్రాక్టరును వంకరగా నిలబెట్టడం. ట్రాక్టరు, మిషను ఒకే వరుసలో ఉండాలి. వంకర ఎక్కువైతే జాయింటు కుదుపుతుంది. ఆ కుదుపు షాఫ్టుకు తగులుతుంది.

నాలుగు. క్లచ్చును ఒక్కసారిగా వదలడం. మిషనులో కంకులు ఇరికి ఉండగా క్లచ్చు వదిలితే షాఫ్టుకు పెద్ద దెబ్బ. గట్లు వంగుతాయి. ఒక్కోసారి షాఫ్టు మెలి తిరుగుతుంది.

చేత్తో ఎలా తెలుసుకోవాలి?

ముందు ఇంజను ఆపాలి. తాళం చెవి తీసి దగ్గర పెట్టుకోవాలి. మిషను పూర్తిగా ఆగేదాకా ఆగాలి. ఇంజను ఆగినా మిషను లోపలి డ్రమ్ము ఊపు మీద కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు జాయింటు కూడా తిరుగుతుంది. అంతా ఆగాకే చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు యోకును చేత్తో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూడాలి.

యోకు కదులుతుంది, షాఫ్టు కదలదు. అంటే గట్లు అరిగాయి.

యోకు, షాఫ్టు రెండూ కలిసి చాలా వదులుగా కదులుతున్నాయి. అంటే లోపలి పళ్లచక్రాల దగ్గర లోపం ఉండవచ్చు. కొంచెం వదులు మామూలే.

షాఫ్టు పైకీ కిందికీ ఊగుతుంది. అంటే బేరింగు పోయింది.

షాఫ్టు చుట్టూ ఆయిలు కారుతుంది. అంటే ఆయిల్ సీలు పోయింది.

తరవాత యోకు ఊడదీసి గట్లను చూడాలి. కొత్త గట్టు పైన చదునుగా ఉంటుంది. పక్కలు నిటారుగా ఉంటాయి. అరిగిన గట్టు కత్తి అంచులాగ సన్నబడుతుంది. షాఫ్టు మెలి తిరిగిందో లేదో చూడాలంటే కాలవ వెంట ఒక తిన్నని స్కేలు పెట్టాలి. స్కేలు కాలవలో సరిగా కూర్చోకపోతే షాఫ్టు మెలి పడింది.

ఒక కళ్లంలో జరిగిన మాటలు

తెలంగాణలో మొక్కజొన్న పండే ఊరు ఒకటి అనుకుందాం. అక్కడ ఒకామె ఉంది. భర్త బతుకుదెరువు కోసం దుబాయి పోయాడు. ఇంటి దగ్గర పాత మాసీ 1035 ట్రాక్టరు ఉంది. మామ కొన్నది. వరసకు మరిది అయ్యే అబ్బాయి దాన్ని నడుపుతాడు. కంకులు కళ్లంలో కుప్ప పోసి ఉన్నాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు కూలికి వచ్చారు.

మిషను మొదలుపెట్టగానే వెనక నుంచి టకటక చప్పుడు వచ్చింది. గంటసేపు నడిచింది. తరవాత షాఫ్టు తిరుగుతోంది గాని జాయింటు తిరగడం లేదు. గట్లు పూర్తిగా పోయాయి. ఆ అబ్బాయి ఇంజను ఆపి వచ్చాడు.

"వదినె, యోకును షాఫ్టుకు వెల్డింగ్ పెట్టిస్త. గంటల అయిపోతది. మబ్బు పడుతున్నది. కంకులు తడిస్తె ఎట్ల?" అన్నాడు.

"వెల్డింగ్ ఊడితె?" అని అడిగింది ఆమె.

"ఊడదు వదినె. అడ్డంగ ఒక బోల్టు గూడ కొట్టిస్త."

కూలికి వచ్చిన పెద్దామె అందుకుంది. "బిడ్డా, పోయినేడు ఇంకో కళ్లంల గసొంటి బోల్టుకే నా కొంగు తట్టుకున్నది. పాత చీర. చినిగింది కాబట్టి బతికిన. కొత్త చీరయితె నేను ఇయ్యాల ఇక్కడ లేను" అంది.

అందరూ కాసేపు మాట్లాడలేదు. ఆమె మబ్బు వైపు చూసింది. కుప్ప వైపు చూసింది.

"పట్టాలు తెచ్చి కుప్ప మీద కప్పుదాం. కూలి పోతదని మీరు భయపడకుండ్రి. పొట్టు తియ్యని కంకులు ఇంక చాలా ఉన్నయి. రెండు రోజులు ఆ పని చేద్దాం. షాఫ్టు మారినంకనే మిషను నడుస్తది" అంది.

మరుసటి రోజు పొద్దున్నే ఆమె మరిదితో కలిసి మండలం ఊళ్లో ఉన్న మేస్త్రి దగ్గరికి పోయింది.

మేస్త్రి చెప్పాడు. "అమ్మా, వెల్డింగ్ పెడితే తొందరగా అయిపోతుంది, నిజమే. కాని ఆ వేడికి లోపలి ఆయిల్ సీలు మాడుతుంది. షాఫ్టు ఇనుము గట్టిదనం పోతుంది. పని మధ్యలో మెడ దగ్గర విరుగుతుంది. యోకు కొంచెం పక్కకు అతుక్కున్నా గిలకొట్టుకుంటూ తిరుగుతుంది. బేరింగు పోతుంది. ఇంక యోకు ఎప్పటికీ ఊడిరాదు. బోల్టు తల బయటికి ఉంటే అది కొక్కెంలాగ బట్టను లాగుతుంది."

"కొత్త షాఫ్టు దొరుకుతదా?"

"ఈ ట్రాక్టరుకు దొరుకుతుంది. పాత షాఫ్టు పక్కన పెట్టి పొడవు, మందం, గట్లు సరిచూసి తీసుకోవాలి. మీ యోకు గట్లు కూడా అరిగాయి. అది కూడా మార్చాలి. అరిగిన యోకులో కొత్త షాఫ్టు పెడితే కొత్తది కూడా తొందరగా అరుగుతుంది."

"సామాన్లు ఒక్కొక్కటి వేరేగ రాసి ఇయ్యి. మీ కూలి వేరేగ రాయి. పాత సామాను మాకే వాపసు ఇయ్యాలె" అంది ఆమె.

మేస్త్రి కాగితం మీద రాశాడు. షాఫ్టు, బేరింగు, ఆయిల్ సీలు, ప్యాకింగు, యోకు, పని కూలి. ఆమె ఒక్కో మాటా కూడబలుక్కొని చదివింది. అంకెలు కూడుకుంది. తరవాతే సరే అంది.

ఎలా మార్చారు?

మాసీ 1035 లాంటి ట్రాక్టరులో పీటీవో షాఫ్టు వెనక నుంచే బయటికి వస్తుంది. ట్రాక్టరంతా విప్పనక్కరలేదు. మేస్త్రి కళ్లానికి వచ్చి చేసిన పని ఇది.

1. ట్రాక్టరును గట్టి నేల మీద నిలబెట్టాడు. ఇంజను ఆపాడు. తాళం చెవి తీసి ఆమె చేతికి ఇచ్చాడు. చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

2. వెనక భాగమంతా గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. దుమ్ము, పొట్టు లోపలికి పోతే కొత్త బేరింగు కూడా పాడవుతుంది.

3. గేరు పెట్టె కింది బిరడా విప్పి ఆయిలును శుభ్రమైన డబ్బాల్లో పట్టాడు. డబ్బాల మీద గుడ్డ కప్పాడు. ఆయిలులో ఇనప ముక్కలు ఉన్నాయా అని చూశాడు. ముక్కలు ఉంటే లోపల ఇంకేదో విరిగిందని గుర్తు.

4. షాఫ్టు చుట్టూ ఉన్న బోల్టులు విప్పాడు. షాఫ్టును తిన్నగా వెనక్కి లాగాడు. బేరింగు, సీలు షాఫ్టుతో పాటే బయటికి వచ్చాయి.

5. కొత్త షాఫ్టుకు కొత్త బేరింగు ఎక్కించాడు. సీలు ఎక్కించే ముందు గట్ల మీద పల్చని ప్లాస్టిక్ కాగితం చుట్టాడు. గట్ల అంచులు పదునుగా ఉంటాయి. కాగితం లేకపోతే సీలు పెదవి తెగుతుంది. సీలు పెదవికి కొంచెం ఆయిలు రాశాడు.

6. షాఫ్టును లోపలికి తోశాడు. దాని లోపలి కొస సరైన చోట కూర్చోవాలి. నాగలిని పైకి ఎత్తే హైడ్రాలిక్ పంపు కూడా ఈ వరుసలోనే ఉంటుంది. అందుకే సుత్తితో కొట్టలేదు. చేత్తో మెల్లగా తిప్పుతూ తోశాడు.

7. కొత్త ప్యాకింగు పెట్టి బోల్టులు బిగించాడు. ఒక పక్క బోల్టు, తరవాత ఎదురు పక్క బోల్టు. అలా మార్చి మార్చి బిగించాడు.

8. ఆయిలు వడపోసి తిరిగి పోశాడు. పుల్లతో కొలత చూశాడు. మిషను తగిలించకుండా పది నిమిషాలు నడిపాడు. ఇంజను ఆపాక ఆయిలు కారుతోందా, బేరింగు చోటు వేడెక్కిందా అని చూశాడు. అంతా బాగుంది.

షాఫ్టు దొరకకపోతే?

చాలా పాత ట్రాక్టర్లకు ఒక్కోసారి కొత్త షాఫ్టు దొరకదు. అప్పుడు లేతు షాపుకు పోవాలి. అరిగిన కొసను కోసి, గట్లు ఉన్న కొత్త ముక్కను అతికే పద్ధతి ఉంది. ఈ పని షాఫ్టును బయటికి తీసి చెయ్యాలి. రెండు ముక్కలనూ లేతు మీద పెట్టి నడుమకు నడుమ సరిపెట్టాలి. ఒక ముక్క కొసను రెండోదాని లోపల దిగేటట్టు చెయ్యాలి. అతికిన తరవాత మళ్లీ లేతు మీద తిప్పి చూడాలి. షాఫ్టు తిన్నగా తిరగాలి. ఇది అనుభవం ఉన్నవాళ్లు చెయ్యాల్సిన పని. అయినా అతుకు అతుకే. కొత్త షాఫ్టు ఉన్నంత బలం ఉండదు.

రేకు ముక్కలు దూర్చి వదులు తగ్గించడం, యోకును షాఫ్టుకు అతికించడం, అడ్డంగా బోల్టు కొట్టడం, ఈ మూడూ చెయ్యకూడదు.

ఒక లెక్క చేద్దాం

షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. నిమిషానికి 60 సెకన్లు. 540ని 60తో భాగిస్తే 9. అంటే సెకనుకు 9 చుట్లు.

జాయింటు మందం 10 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 31 సెంటీమీటర్లు. 31ని 9తో గుణిస్తే 279. అంటే ఒక్క సెకనులో దగ్గర దగ్గర 3 మీటర్ల బట్ట చుట్టుకుంటుంది.

చీర పొడవు ఎంత? 5 మీటర్ల పైనే. చీర మొత్తం చుట్టుకోవడానికి రెండు సెకన్లు చాలు. "ఆపండి" అని అరిచేలోగా, డ్రైవరు క్లచ్చు తొక్కేలోగా అంతా అయిపోతుంది. మనిషి ఎంత బలంగా ఉన్నా ట్రాక్టరు బలం ముందు నిలవలేరు.

అందుకే షాఫ్టు బాగుచేస్తే పని సగమే అయినట్టు. తొడుగు కూడా పెట్టాలి. పీటీవో షాఫ్టు మీద ఇనప రేకు తొడుగు ఉండాలి. జాయింటు మీద ప్లాస్టిక్ గొట్టం తొడుగు ఉండాలి. లోపల జాయింటు తిరిగినా పైన గొట్టం తిరగకూడదు. తిరగకుండా దాన్ని చిన్న గొలుసుతో కట్టాలి. గ్రీజు పెట్టేందుకు తొడుగు తీస్తారు. మళ్లీ పెట్టరు. చాలాచోట్ల జరిగే తప్పు ఇదే.

ఆ కళ్లంలో కూడా తొడుగు ఇంటి వెనక సామాన్ల కింద పడి ఉంది. పెద్దామె అడిగి మరీ తెప్పించింది. మేస్త్రి దాన్ని బిగించాకే ఆడవాళ్లు కంకుల గంపలు ఎత్తారు.

పనికి పోయేటప్పుడు

కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి. చీర మీద చొక్కా వేసుకొని గుండీలు పెట్టుకోవాలి. జడ వేలాడకూడదు. ముడి వేసి గుడ్డ కట్టుకోవాలి. మెడలో తాడు, గొలుసు చొక్కా లోపల ఉండాలి.

తిరిగే జాయింటును దాటకూడదు. దాని కింద నుంచి వంగి పోకూడదు. చుట్టూ తిరిగి పోవాలి.

పిల్లలను కళ్లంలో మిషను దగ్గరికి రానివ్వకూడదు.

కంకులు ఇరికితే చెయ్యి పెట్టకూడదు. ఇంజను ఆపించాలి. అంతా ఆగాక తియ్యాలి.

తొడుగు లేని మిషను దగ్గర పని చేయమని అడిగితే, ముందు తొడుగు పెట్టమని అందరూ కలిసి అడగాలి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. ఎనిమిది మంది అడిగితే వింటారు. పొలం పనుల్లో వాడే నూర్పిడి మిషన్ల భద్రత కోసం 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. కాబట్టి ఇది బతిమాలి అడిగే సంగతి కాదు. హక్కుగా అడిగే సంగతి.

షాఫ్టు ఎక్కువ కాలం ఉండాలంటే

యోకు తొడిగే ప్రతిసారీ గట్లు తుడిచి గ్రీజు రాయాలి. పిన్ను గాడిలో పడిందో లేదో యోకును వెనక్కి లాగి చూడాలి. ట్రాక్టరును, మిషనును ఒకే వరుసలో పెట్టాలి. క్లచ్చు మెల్లగా వదలాలి. పని అయిపోయాక షాఫ్టు మీద మూత పెట్టాలి. ఈ పనులకు ఐదు నిమిషాలు పట్టదు.

కొత్త మాటలు

పీటీవో షాఫ్టు: ఇంజను బలాన్ని మిషనుకు అందించే ఇరుసు.
యోకు: షాఫ్టు మీద తొడిగే జాయింటు ముక్క.
బేరింగు: ఇరుసు సులువుగా తిరగడానికి పెట్టే గుండ్ల చక్రం.
ఆయిల్ సీలు: ఆయిలు బయటికి కారకుండా ఆపే రబ్బరు కట్టు.
తొడుగు: తిరిగే భాగం బట్టకు తగలకుండా కప్పేది.

జవాబులు రాయండి

1. పీటీవో షాఫ్టు మీద ఎన్ని గట్లు ఉంటాయి?
2. యోకు కదిలి షాఫ్టు కదలకపోతే ఏది అరిగినట్టు?
3. యోకును షాఫ్టుకు వెల్డింగ్ పెడితే వచ్చే రెండు నష్టాలు రాయండి.
4. ఒక షాఫ్టు సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. 10 సెకన్లలో ఎన్నిసార్లు తిరుగుతుంది?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో నడిచే మిషన్లలో ఎన్నింటికి తొడుగు ఉంది? లేనివాటికి పెట్టించాలంటే ఎవరితో మాట్లాడాలి? ఎవరెవరు కలిసి పోతారు? వారి పేర్లు మీ నోటు పుస్తకంలో రాసుకోండి.